పెద్దక్క బాల్కనీలో ఫ్రెంచి సైకిలు

కువైట్‌లోని అబ్బాసియాలో పెద్దక్క ఫ్లాటు బాల్కనీని కొత్తగా చూసినవాళ్ళు అది బట్టలారేసుకునే చోటని చచ్చినా అనుకోరు. పైన తీగకు ఒక చక్రం వేలాడుతుంటుంది. గోడకు కొట్టిన మేకుకు ఇంకో చక్రం. మూలన నూనె డబ్బా, దాని పక్కన బియ్యం సంచిలో గొలుసులు, పెడళ్ళు, పేరు తెలియని ఇనుప ముక్కలు. పెద్దక్క చీరలు మాత్రం ఆ తుప్పు ఎక్కడ తగులుతుందోనని ఒక పక్కకు ఒదిగి ఆరుతుంటాయి. ఇదంతా గంగాధర నిర్వాకం.

గంగాధరది రాయచోటి దగ్గర పల్లె. మిష్రిఫ్‌లో ఒక విల్లాకు డ్రైవరు. తెల్లారి లేచి పిల్లల్ని బడికి చేర్చడంతో మొదలైతే, ఇంటి యజమాని బాబాను స్నేహితుల ఇంటి నుంచి తెచ్చి దింపేదాకా స్టీరింగు వదిలే పని లేదు. అతని భార్య పుష్పలత ఎగైలాలో ఇంకో ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటి యజమానురాలిని మామా అనాలి. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారు, అంతకంటే అదృష్టమేముందని ఊళ్ళో అందరూ అంటారు. వాళ్ళదేం పోయింది, అంటారు. ఆ అదృష్టం శుక్రవారం మధ్యాహ్నం మొదలై పొద్దుగూకే సరికి అయిపోతుందని వాళ్ళకేం తెలుసు?

ఆ ఒక్క పూటకూ చోటిచ్చేది పెద్దక్క. పుష్పలతకు పెద్దమ్మ కూతురు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. శుక్రవారం వచ్చిందంటే తమ వైపు వాళ్ళెవరు తలుపు తట్టినా సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి కూర్చోబెడుతుంది. ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరేమిటో ఇఖామా, అంటే నివాస కార్డు, చూస్తే గానీ తెలియదు. గంగాధరతో సహా అందరికీ పెద్దక్కే.

గంగాధర మాత్రం పెద్దక్క ఇంటికి తిన్నగా వచ్చే రకం కాదు. ముందు శుక్రవారం సంతకు వెళ్ళాలి. అక్కడ పాత సామాన్ల వరుసలో అల్లాబకష్ దగ్గర ఆగాలి. అల్లాబకష్‌దీ కడప జిల్లాయే. విరిగిన కుర్చీ నుంచి పలకని రేడియో దాకా అన్నీ గుట్ట పోసి అమ్ముతాడు. ఆ గుట్టలో నుంచి ఒకనాడు గంగాధర ఒక సన్నటి సైకిలు లాగాడు. ఒంటి చేత్తో పైకి లేచింది. ఇంత తేలికైన సైకిలు గంగాధర జన్మలో ఎత్తలేదు. మెడ మీద ఇత్తడి బిళ్ళ, గొట్టం గొట్టాన్ని కలిసేచోట నగిషీ చెక్కినట్టున్న పని.

"అది ఫ్రెంచి మాల్ అన్నా," అన్నాడు అల్లాబకష్. "ఎవురో దొర వదిలేసి పోయింటాడు. దాని నట్లు దేనికీ పట్టవు, దేని నట్లూ దానికి పట్టవు. అందుకే ఎవురూ తాకరు. నువ్వు తీసకపోతే చెప్పు, చాయ్ డబ్బులిచ్చి పో."

ఎవరూ తాకరన్న మాటే గంగాధరకు నచ్చింది. పెళ్ళికి ముందు అతను రాయచోటిలో మునాఫ్ సాబు సైకిల్ షాపులో పనిచేసినవాడు. ఆ రోజుల్లో తాను విప్పలేని నట్టు లేదని అతని నమ్మకం. ఈ నమ్మకమే తర్వాత అతని కొంప ముంచబోయింది, ఆ సంగతి ముందుకు వస్తుంది. ఆ మొదటి సైకిలు బాగైంది, దాని తర్వాత ఇంకోటి. రెండింటినీ అబ్బాసియా కుర్రవాళ్ళే కొనుక్కుని తొక్కుతున్నారు. హ్యాండిలు కాడ మెడ గొట్టంలో దూరకపోతే ఎమరీ కాగితం పెట్టి ఓపిగ్గా అరగదీశాడు. తుప్పు పట్టిన మెరుపు భాగాలను పుష్పలత వంటింట్లో వాడి పారేసే ఫాయిలు కాగితం నీళ్ళలో ముంచి రుద్దాడు. టైర్ల కథ ఇంకా బాగుంటుంది. ఆ ఫ్రెంచి చక్రాలకు ఇక్కడి దుకాణాల్లో ఏదీ సరిపోలేదు గానీ, మన ఊళ్ళల్లో ఆడపిల్లల సైకిళ్ళకు వేసే ఇరవయ్యారు ఒకటిన్నర టైరు కుదురుగా కూర్చుంది. అప్పటి నుంచి రాయచోటి నుంచి కువైట్ వచ్చే ప్రతివాడి పెట్టెలోనూ ఊరగాయ పక్కన ఒక టైరు చుట్టుకుని వస్తోంది.

మూడో సైకిలుతోనే అసలు తంటా వచ్చింది.

అది ఆడవాళ్ళ సైకిలు. కూర్చునే చోటికీ హ్యాండిలుకూ మధ్య అడ్డ గొట్టం లేదు. దాని బదులు మెడ దగ్గర మొదలైన రెండు సన్నటి గొట్టాలు జంటగా వాలుతూ వెనక చక్రం ఇరుసు దాకా పోతాయి. ఎవడో పుణ్యాత్ముడు దానికి గోడకు వేసే తెల్లరంగు పులిమాడు. గంగాధర గోటితో గీకి చూస్తే కింద నెమలికంఠం రంగు మెరిసింది. పుష్పలత పెళ్ళి చీర రంగు. ఆ క్షణంలోనే ఆ సైకిలు ఎవరిదో అతని మనసులో తేలిపోయింది.

ఎందుకంటే ఎప్పుడో బస్సులో పక్కన కూర్చుని పుష్పలత ఒక మాట అంది. హైస్కూలుకు తాను అన్న సైకిలు తొక్కుకుంటూ పోయేదాన్నని, గంగమ్మ గుడి దిగువన చేతులు వదిలేసి కూడా తొక్కేదాన్నని. "ఈ దేశానికొచ్చినాక ఒక చోటికన్నా నా అంతట నేను పోయింది లేదు," అంది. "మామా కారు, డ్రైవరు కారు, బస్సు. ఎవురో ఒకరు ఎక్కించాల, ఎవురో ఒకరు దించాల." అని, వెంటనే వేరే సంగతిలో పడిపోయింది. గంగాధర మాత్రం మర్చిపోలేదు.

అయితే ఈ మహానుభావుడు ఆ మాట పెళ్ళాంతో చెప్పాడా అంటే, లేదు. చక్రాలు తిరిగి, రంగు తేలి, గంట మోగేలా తయారయ్యాక ఒక్కసారిగా ముందు నిలబెట్టి ఆమె మొహం చూడాలట. ఇలాంటి మగవాళ్ళను ఏం చేయాలో నాకైతే తెలియదు. ఒక్క మాట చెప్పి ఉంటే సగం రభస ఉండేది కాదు.

చెప్పలేదు కాబట్టి పుష్పలతకు కనబడింది ఒక్కటే. మొగుడి వీపు. ఆమె ఎగైలాలో వంట ముగించి, మామా దగ్గర సెలవు తీసుకుని, బస్సు పట్టుకుని వచ్చేసరికి అతను బాల్కనీలో సైకిలు ముందు గొంతుక్కూర్చుని ఉండేవాడు. ఆమె తిని, పెద్దక్కతో మాట్లాడి, బస్సు దాటిపోతుందేమోనని ముందుగానే లేచి చెప్పులు వేసుకునే వేళకూ అలాగే ఉండేవాడు. ఇన్నేళ్ళలో ఆమె ఆ సాయంత్రం బస్సు ఒక్కసారీ పోనివ్వలేదు. మామా అంటే అంత భయం. చలికాలం మొదలైన దగ్గర నుంచీ ఇదే వరస. ఒక శుక్రవారం ఆమె ఓపిక తెగిపోయింది.

"ఏమయ్యా, మనకుండేది వారానికి ఈ ఒక్క పూట. దాన్ని గూడా ఈ తుప్పుకే పోస్తాండావు. నేను బస్సెక్కి వచ్చేది నీ వీపు చూసేదానికా?"

"ఇంగ రవ్వంతే ఉండాది పుష్పా. ఈ ఒక్క కప్పు ఊడొస్తే అయిపోయె."

"పోయిన శుక్రారం గూడా ఇదే మాటంటివి. ఆ ముందు శుక్రారం గూడా."

అది అబద్ధం కాదు. పెడళ్ళు తిరిగే ఇరుసుకు అటూ ఇటూ రెండు ఇనుప గిన్నెలు బిగించి ఉంటాయి. సైకిల్ షాపుల్లో కప్పులంటారు. గోళీలు వాటిలోనే తిరుగుతాయి. ఎడమ పక్క కప్పు ఎప్పుడో విప్పి, మరలు తోమి, గ్రీజు పూసి పెట్టాడు. చైను పక్క కప్పు మాత్రం లోపల గుంటలు పడి పాడైంది. అది తీసేసి కొత్తది పెడితే తప్ప పెడలు కరకర మానదు. పెట్టాల్సిన కప్పు కూడా అల్లాబకష్ ఇనుప డబ్బాలో దొరికింది. పాతది ఊడి రావడం లేదు. ముందు చేసిన రెండు సైకిళ్ళకూ ఆ కప్పు జోలికి పోవలసిన పని పడలేదు.

"నా చేతిలో చెయ్యెయ్యి," అంది పుష్పలత. "వచ్చే శుక్రారం నేను బస్సెక్కే లోపల ఇది రోడ్డు మీద నడిచిందా, సరే. నడవలేదా, ఈడుండే ఇనుమంతా అల్లాబకష్ బండెక్కాల. ఇంగ సైకిలనే మాట నీ నోట రాగూడదు. ఖలాస్."

అల్లాబకష్ బండి మీద ఆ నెమలికంఠం రంగు సైకిలు వెళ్ళిపోవడం గంగాధర కళ్ళ ముందు కనబడింది. అయినా గ్రీజు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఆమె చేతిలో వేశాడు.

"నా బాల్కనీ నాకొస్తాదంటే నేను టెంకాయ కొడతా," అంది వంటింట్లో నుంచి పెద్దక్క.

ఆ వారమంతా గంగాధర మిష్రిఫ్‌లో కారు నడుపుతూ కప్పు గురించే ఆలోచించాడు. చక్రాలను తన గదికి తెచ్చుకుని, పుల్లలు ఒక్కొక్కటీ మీటుతూ వంకర తీశాడు. ఫోనులో చూస్తే ఎవరైనా చెప్పి ఉండేవారు గదా అని మీకనిపించవచ్చు. పెద్దక్క కూడా అదే అంది. మునాఫ్ సాబు దగ్గర నేర్చినోడికి ఫోను చెప్పేదేంది అని మీసం తడుముకున్నాడు. పొగరు గల మనిషని నేను అనను గానీ, పని తెలిసినవాడినన్న బిర్రు ఉంది.

ఆ శుక్రవారం అతను సంతకు పోలేదు. పొద్దున్నే నేరుగా పెద్దక్క ఇంటికి వచ్చాడు. పుష్పలత మధ్యాహ్నం వచ్చేసరికి మనిషి చెమటతో తడిసి ఉన్నాడు. పొద్దుటి నుంచీ కప్పు డీజిల్లో నానుతోంది. పానా వేసి, పానాకు పైపు తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి లాగుతున్నాడు. కప్పు కదలదు. మునాఫ్ సాబు చెప్పిన మంత్రం ఒకటే అతని చెవుల్లో మోగుతోంది. చైను పక్క ఉల్టా. మన దేశంలో అతను చూసిన ప్రతి సైకిలుకూ చైను పక్క కప్పుకు మర తిరగబడి ఉంటుంది. మామూలుగా మూత బిగించే పక్కకు తిప్పితే అది విడుతుంది. ఎన్ని వందల కప్పులు అలా విప్పాడో అతనికే లెక్క లేదు. చేతికి అలవాటైపోయిన పని అది. ఎటు తిప్పాలని ఆలోచించడం ఎప్పుడో మానేశాడు.

చేతిలో చెయ్యేయించుకుంది గనక పుష్పలత తిట్టే పని లేదు. పైగా గోడకు ఆనుకుని రొప్పుతున్న మొగుణ్ణి చూస్తే జాలేసింది. గెలుస్తున్నది తానే అయినా ఆ గెలుపు ఆమెకు రుచించలేదు. గంగాధర ఇంకా పొడుగు పైపు ఏదైనా దొరుకుతుందేమోనని కిందికి దిగాడు.

ఆమె ఊరికే కూర్చోలేదు. కూర్చోవడం ఆమెకు చేతకాదు. బాల్కనీలో చిందరవందరగా పడి ఉన్నవి సర్దడం మొదలుపెట్టింది. గుడ్డలు మడిచింది. గోళీలు గిన్నెలో పోసింది. కొత్త కప్పు నేల మీద దొర్లుతుంటే ఎక్కడ పెట్టాలా అని చూసింది. సైకిలుకు ఎడమ పక్క గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఎగైలా వంటింట్లో మూత లేని డబ్బా కనబడితే మామా ఇల్లు పీకి పందిరి వేస్తుంది. కప్పును ఆ నోటికి పెట్టి, ఊరగాయ జాడీ మూత తిప్పినట్టు కుడిపక్కకు తిప్పింది. గ్రీజు పూసి ఉందేమో, సాఫీగా పోయి చివరిదాకా కూర్చుంది. ఆమె చేతులు కడుక్కుని సంగటి కెలికే పనిలో పెద్దక్కకు సాయం పోయింది.

గంగాధర పైపు భుజాన వేసుకుని వచ్చి చూశాడు. చూసి ఒంటికాలి మీద లేచాడు.

"ఎవురు పెట్టినారు దీన్ని ఈడ? ఏం చేస్తివే! అది చైను పక్క కప్పు. ఈ పక్క దూర్చితే మరంతా నాశనమైపోతాది!"

"మూత లేకుండా ఉంటే దుమ్ము పడతాదని పెట్టినా. దానికి ఇంత అరిచేదేంది?"

ఉన్న ఒక్క కప్పూ పోయిందనుకుని అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేళ్ళతో దాన్ని పట్టుకుని, మర చెడకుండా మెల్లగా వెనక్కి తిప్పాడు. జాడీ మూత తీసినట్టు ఎడమకు. అది వెన్నలా తిరుగుతూ బయటికొచ్చింది. ఒక్క గీత పడలేదు. ఒక్క చోట పట్టలేదు.

గంగాధర చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది.

"పుష్పా. ఇట్ల రా. మళ్ళా పెట్టు దీన్ని."

"ఏమి, ఇంగో తూరి తిట్టేదానికా?"

"అమ్మ తోడు, తిట్టను. ఇందాక ఎట్ల పెట్టినావో అట్లనే పెట్టు."

ఆమె పెట్టింది. మూత మాదిరి తిప్పింది. కూర్చుంది. తియ్యమన్నాడు. తీసింది. గంగాధర కప్పును వెలుతురుకెత్తి పట్టుకుని దాని మరలను చూశాడు. ఎడమ పక్క నుంచి విప్పిన పాత కప్పును పక్కన పెట్టి చూశాడు. రెండింటి మీదా గీతలు ఒకే వైపుకు వాలి ఉన్నాయి. ఉల్టా లేదు, గిల్టా లేదు. ఈ ఫ్రెంచి సైకిలుకు రెండు పక్కలా ఒకే మర. చైను పక్క కప్పును విప్పుతున్నాననుకుని తాను ఇన్ని వారాలుగా, పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, ఒళ్ళు హూనం చేసుకుని బిగించాడన్నమాట!

ముందు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి పెద్దక్క గరిటెతో పరుగెత్తుకొచ్చింది, మరిదికి మతి చలించిందేమోనని.

"మునాఫ్ సాబూ, నీ ఉల్టా నా కొంప ముంచింది గదయ్యా! పెద్దక్కా, గరిటె పక్కన పెట్టి ఈ చట్రం మీద కూసో. పుష్పా, నువ్వు మెడ పట్టుకో. కదలనీయొద్దండి."

తన బరువు మాట ఎవరెత్తినా పెద్దక్క ఊరుకోదు. ఆ రోజు మాత్రం కొంగు బిగించి చట్రం మీద దిట్టంగా కూర్చుంది. పుష్పలత హ్యాండిలు మెడను రెండు చేతులా ఒడిసిపట్టింది. గంగాధర పానా వేసి, పైపు తొడిగి, దేవుణ్ణి తలుచుకుని, ఇన్నాళ్ళూ లాగిన దానికి ఎదురు పక్కకు ఒంటి బలమంతా వేసి తోశాడు.

టప్పుమంది.

"ఏం విరిగె?" అంది పెద్దక్క హడలిపోయి.

"ఏం విరగలే! కదిలింది పెద్దక్కా, కదిలింది!"

ముగ్గురూ కలిసి వేసిన కేకకు పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తెరిచి చూశారు. ఆ తర్వాత పని పరుగులు తీసింది. పాత కప్పు పోయి కొత్తది వచ్చింది. పుష్పలత గోళీలకు గ్రీజు పూసి ఒక్కొక్కటే అందిస్తుంటే అతను పేర్చాడు. ఇరుసు తిప్పి వదిలితే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. పెడళ్ళు, చైను, చక్రాలు ఎక్కాయి. సంగటి చల్లారిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. చివరికి గంగాధర సీటును బాగా కిందికి దించి బిగించాడు.

"ఇదేంది నాయనా," అంది పెద్దక్క. "నీ పొడుగు కాళ్ళకు ఇంత తక్కువైతే ఎట్ల తొక్కుతావు?"

"నాకు గాదు పెద్దక్కా."

పుష్పలత సీటు వైపు చూసింది. అడ్డ గొట్టం లేని ఆ చట్రాన్ని, గీకి తేల్చిన రంగును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఇన్ని శుక్రవారాలు తాను తిట్టిపోసింది తన సైకిలునేనని అర్థమయ్యేసరికి ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఈ మాట ముందే చెప్పేదానికి నీకేం రోగమొచ్చె?"

"చెప్పింటే వద్దంటాంటివి."

వద్దనే ఉండేది. అది ఆమెకూ తెలుసు. కళ్ళు తుడుచుకుని, "యల్లా, దించు కిందికి," అంది.

బిల్డింగు వెనక ఖాళీ జాగా ఉంది, దాని పక్కనే బస్సు ఆగే రోడ్డు. పుష్పలత చున్నీ నడుముకు కట్టి సైకిలెక్కింది. మొదట రెండు వంకర్లు పోయింది. గంగాధర వెనక పట్టుకోబోతే, "వదులు, నేను పోతా," అని కసిరింది. మూడో తొక్కుకు హ్యాండిలు చెప్పిన మాట విన్నది. క్రికెట్ ఆడుతున్నవాళ్ళు బంతి ఆపి దారిచ్చారు. ఆ జాగా అంచు దాకా పోయి, గంట కొట్టి, చక్కగా ఒరిగి మలుపు తిరిగి వచ్చింది. పెద్దక్క పైన బాల్కనీలో నిలబడి చప్పట్లు కొట్టింది. తన బాల్కనీ తనకు రాలేదన్న సంగతి ఆమెకు ఆ సమయానికి తట్టలేదు.

"ఏమయ్యా," అంది పుష్పలత అతని ముందు నుంచి పోతూ, "వచ్చే శుక్రారం నేనూ వస్తా సంతకు." ఇంకో చుట్టు తిరిగి వచ్చి మిగతా మాట పూర్తి చేసింది. "నీకు గూడా ఒకటి చూడాల గదా. బేరం నేనాడతా."

గంగాధర ఆమె బ్యాగు పట్టుకుని బస్సు స్టాపు దగ్గర నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోతోంది. అంతలో దూరంగా ఎగైలా వైపు పోయే బస్సు కనబడింది. అతను చెయ్యెత్తి కేకేశాడు.

"పుష్పా! బస్సు! బస్సొచ్చె!"

ఆమె తిరిగి చూసింది. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఆ బస్సు వదులుకోని మనిషి. గంగాధర పరిగెత్తుకొస్తుందనుకుని బ్యాగు ముందుకు చాపాడు.

"పోనీలే," అని అరిచింది పుష్పలత. "ఇంగొకటి వస్తాది."

ముందుకు వంగి పెడలు గట్టిగా తొక్కి, ఈసారి ఆ జాగా అంచు దాటి రోడ్డు చివరిదాకా వెళ్ళింది. బస్సు వెళ్ళిపోయింది. గంగాధర బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.